వీపు చూపించి కూర్చునే మనిషి

పెట్టె వచ్చిన నాడు కుక్కను కూడా పట్టుకురమ్మన్నారు.

ఆయన శవం ఉన్న పెట్టె హైదరాబాదు నుంచి తెల్లారేసరికి మా ఊరు చేరింది. వాళ్ల అన్న వాకిట్లో రెండు బెంచీలు జోడించి వాటి మీద పెట్టారు. పెట్టె మీద అతికించిన కాగితంలో అరబ్బీలో ఏం రాసి ఉన్నదో ఊర్లో చదువుకున్నవాళ్లకు కూడా తెలియలేదు. ఆయన వదినె నా ఇంటికి కబురు పంపింది. "కుక్కను తోలుకరమ్మనుండ్రి. ఆఖరుకు గదన్న చూసుకోనీ." ఆయన బతికి ఉన్నన్నాళ్లు ఆ కుక్క మాట ఎత్తి దెప్పిన మనిషే ఆమె. నేను కుక్క మెడకు తాడు కట్టి తీసుకుపోయాను. అక్కడ అది ఏం చేసిందో ఆఖర్న చెప్తాను. ముందు ఆయన ఎట్లా కూర్చునేవాడో చెప్పాలి.

నాకు సంతకం తప్ప అక్షరం రాదు. నేను చెప్తుంటే మా బడి టీచరమ్మ రాస్తున్నది. పేరు మాత్రం రాయవద్దన్నాను. ఊరంతా ఆయనను సౌదాయన అనేవాళ్లు, నేను అన్నా అనేదాన్ని. ఆ రెండూ చాలు.

ఆయన ఎప్పుడు కూర్చున్నా వీపు చూపించి కూర్చునేవాడు. అరుగు మీద పదిమంది ఉంటే వాళ్ల దిక్కు వీపు పెట్టి గోడ దిక్కు ముఖం పెట్టేవాడు. అన్నం తినేటప్పుడూ అంతే, కంచాన్ని తన నీడలో పెట్టుకునేవాడు. కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద కూర్చుని కుర్చీ కాలు మీద చెయ్యి వేసేవాడు. బావి కాడ మొగవాళ్లంతా అంగీలు విప్పి స్నానం చేస్తే, ఆయన అంగీతోనే నీళ్లు పోసుకునేవాడు. వీపు అందరికీ చూపించే మనిషి, ఆ అంగీ ఒక్కటి విప్పేవాడు కాదు. ఒకనాడు వానలో తడిసి అంగీ ఒంటికి అతుక్కుంటే నాకు కనిపించింది. కల్లు గీసిన తాటిచెట్టుకు ఎన్ని కోతలు ఉంటాయో ఆ వీపు మీద అన్ని గీతలు. ఆయన చూడకముందే నేను తల తిప్పుకున్నాను.

కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. చెట్టు మీదినుంచి పడి కుడి మోచేయి వంకర పోయింది. చెట్టు ఎక్కలేనివాడు ఏం చేస్తాడు? మా దిక్కు అందరూ ఏం చేస్తారో అదే చేశాడు. సౌదీలో, బంగ్లాలో తోటపని అని కోరుట్లలో ఉండే ఏజెంటు చెప్పాడు. విమానం దిగినాక తీసుకుపోయింది ఇసుకలోకి, గొర్ల మందలోకి. ఒకసారి పోయి వచ్చాడు. అదే ఏజెంటు మళ్లీ పిలిచాడు, ఈసారి పని మంచిదన్నాడు. మళ్లీ పోయాడు. మళ్లీ అదే ఇసుక. ఆ రెండోసారి కాగితాలు లేకుండా పారిపోయి, జైలులో ఉండి, వాళ్లు పంపిస్తే వచ్చాడు. అప్పటికి ఆయన భార్య ఎల్లారెడ్డిపేటలోని తల్లిగారింటికి పోయి చాలా రోజులైంది. మూడోసారి పోతాడా, పోడా? ఆ ఏడాది ఊర్లో అందరి నోటా ఇదే ముచ్చట. నేను కూడా మనసులో ఇదే అడుగుతుండేదాన్ని.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే కుక్క ఎందుకు వచ్చిందో తెలియదు. నా పెనిమిటి సిరిసిల్లలో సాంచాలు నడిపి బట్ట నేసేవాడు. సాంచాలు ఆగిపోయినప్పుడు ఆయన కూడా ఆగిపోయాడు. ఎట్లా అని అడగవద్దు. నేను మల్యాల దగ్గరి మా తల్లిగారి ఊరికి వచ్చి బీడీలు చుట్టుకుంటూ, మా అమ్మ వంతు ఎకరంలో మక్కలు వేసుకున్నాను. కంకి పాలు పట్టగానే కొండగట్టు దిక్కునుంచి కోతులు దిగుతాయి. ఒక్క పొద్దులో చేను చేను కాకుండా పోతుంది. రాత్రి పందులు, పగలు కోతులు. కోతులకు కుక్క కావాలన్నారు. మల్యాల బస్సు స్టేజీ కాడ లారీ కింద పడి తల్లి కుక్క చచ్చిపోతే మూడు పిల్లలు మిగిలినాయి. మగ పిల్లలను ఎవరో పట్టుకుపోయారు. ఆడపిల్లను ఎవరూ ముట్టలేదు. నేను సంచిలో వేసుకుని వచ్చాను.

తెచ్చినాక తెలిసింది దాని వైభోగం. కడుపు నిండా పురుగులు. ఎడమ చెవిలో నల్లటి గులిమి, పుల్లబడిన గంజి వాసన. తల ఎప్పుడూ ఒక పక్కకు వంచి ఉండేది, ఎదుటివాళ్లు చెప్పేది సగమే నమ్మినట్టు. పాలపన్ను ఊడకముందే దాని పక్కనే ఇంకో పన్ను మొలిచింది. జగిత్యాల పశువుల దవాఖానకు తీసుకుపోదామని బస్సెక్కితే కండక్టరు సంచిలోకి తొంగి చూశాడు.

"ఆడదా, మొగదా?"

"ఆడదే సారూ."

"అయితె ఆడోళ్లకు ఫ్రీ, టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపియ్యమను."

బస్సంతా నవ్వింది. దవాఖానలో డాక్టరు చూసి, "పెద్ద రోగమేం లేదమ్మా. పురుగులకు గోలీలు, చెవుల చుక్కల మందు. అంతే," అన్నాడు. అంతే అన్నాడు కానీ ఆ చుక్కలు వేసేది ఎట్లా? చెవి ముట్టుకుంటే ఊరు ఊరంతా వినేటట్టు ఏడ్చేది. నేను వాకిట్లో దాన్ని తాడుతో గుంజుతున్నాను, అది కాళ్లు నేలకు తన్ని పెట్టి అరుస్తున్నది. అప్పుడే ఆయన నా వాకిట్లోకి మొదటిసారి వచ్చాడు.

"తాడు ఇడువు చెల్లె."

"ఇడిస్తె ఉరుకుతది అన్నా."

"ఉరకనీ."

వదిలాను. అది కట్టెల మోపు వెనక్కి పోయింది. ఆయన వాకిలి మధ్యలో, దానికి వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. నేను ఒక కట్ట బీడీలు చుట్టే దాకా అట్లాగే కూర్చున్నాడు. తరువాత చూస్తే కుక్కపిల్ల మెల్లగా వచ్చి ఆయన వీపు వాసన చూస్తున్నది. ఇంకొంచెం సేపటికి నుదురు తెచ్చి ఆ వీపుకు ఆనించింది.

"కుక్కకు మొఖం చూపియ్యద్దు. మొఖం చూస్తె దానికి భయం. ఈపు చూస్తె ధైర్యం," అన్నాడు, గోడతో చెప్తున్నట్టు. "గొర్లకు సుత గంతే."

"మనుషులకు?"

"మనుషుల సంగతి నాకేం తెల్సు."

ఆ రోజునుంచి రోజూ వచ్చేవాడు. నాలుగు రోజులు దాని చెవిని ఉత్త చేత్తో ముట్టి, వెంటనే జొన్నరొట్టె ముక్క ఇచ్చేవాడు. మందు సీసా పక్కనే ఉండేది కానీ మూత తీసేవాడు కాదు. "మందెప్పుడు ఏస్తవన్నా, చెవి కుళ్లినంక ఏస్తవా?" అని నేను ఎగిరితే, "ముందుగాల చెయ్యి నమ్మనీ" అనేవాడు. ఐదో రోజు చుక్కలు వేశాడు. అది తల విదిలించి, రొట్టె ముక్క కోసం ఆయన చేతిని వెతుక్కున్నది. పాత చీర పేలిక పేనిన తాడును చల్లటి నీళ్లలో ముంచి నమలడానికి ఇస్తే, మొండి పాలపన్ను దానంతట అదే ఆ తాడులో దిగబడి వచ్చింది. ఆ పన్నును బియ్యపు గింజలాగా అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూసుకున్నాడో. పురుగుల గోలీని మక్క గటక ముద్దలో పెట్టి ఇచ్చేవాడు. నేను ఇస్తే గోలీ ఉమ్మేసి గటక తినేది.

రోజూ పొద్దున దాని చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. డాక్టరు గొట్టంతో గుండె చూసినట్టు కళ్లు మూసుకుని చూసేవాడు. "ఇయ్యాల మంచిగున్నది" అనేవాడు, లేదా "గింత పులిసింది" అనేవాడు. నీళ్లు తాగేముందు అరచేతిలో కొన్ని పోసి ముందు దానికి పట్టేవాడు. ఇక్కడ బోరు ఉంది, నల్లా ఉంది, కుండ నిండా నీళ్లున్నాయి. అయినా అంతే. ఆ ఇసుకలో నీళ్ల ట్యాంకరు ఎప్పుడు వచ్చేది తెలియదట. ఉన్న డబ్బాలో సగం ఆయనకు, సగం అక్కడ మందను కాసే కుక్కకు.

నేర్పింది మాత్రం మన మాటల్లో కాదు, అరబ్బు మాటల్లో. రమ్మనడానికి "తాల్" అనేవాడు. కూర్చోమనడానికి "ఉగుద్". పొమ్మనడానికి "రూహ్". మా వాడకట్టు ఆడవాళ్లు గోడల మీదినుంచి చూసి నవ్వేవాళ్లు. నాతో బీడీలు చుట్టే పక్కింటి అక్క అయితే ఊరుకునేది కాదు.

"ఓ సౌదాయనా, నీ కుక్కకు పాస్‌పోర్టు అయిందా?"

"కాలే అక్కా. ఫోటో దిగుమంటె తల వంకర పెడ్తున్నది."

ఆయన అట్లా జవాబు చెప్పింది ఆ ఏడాదిలో రెండు మూడు సార్లే. చెప్పినప్పుడు కూడా నవ్వేవాడు కాదు.

"తెలుగుల నేర్పరాదా అన్నా? రేపు నువ్వు లేకుంటె నేనెట్ల పిల్వాలె?" అని అడిగాను.

"కుక్కతోని నాకు గా మాటలే అస్తయి చెల్లె." మళ్లీ గోడతో చెప్పాడు. "కఫీలు ఉంటడు గద, ఆడ మమ్ముల పనిల పెట్టుకున్న సేటు. ఆడు నాకూ గవే మాటలు, కుక్కకూ గవే మాటలు. తాల్ అంటె ఎవల పిలిచిండో తెల్వక ఇద్దరం లేచేటోళ్లం."

నేను కూడా ఆ మాటలు నేర్చుకున్నాను. బీడీ ఆకు కత్తిరించుకుంటూ పరాయి దేశపు మాటలు వల్లె వేసుకున్నాను. ఆయన నాకు రెండే రెండు కట్టుబాట్లు పెట్టాడు. మొదటిది: "మాట ఒక్కసారే అనాలె. రెండోసారి అన్నవంటె అది నీ మీద గెలిసినట్టే." రెండోది చెప్పేటప్పుడు మాత్రం నా దిక్కు తిరిగి, ముఖం చూసి చెప్పాడు. "పిలిచి కొట్టద్దు. కొట్టక తప్పదంటె నువ్వే దాని దగ్గరికి పో. పిలిస్తె అచ్చినదాన్ని కొడితివంటె, ఇగ జన్మల రాదు."

ఏడో నెల పడేసరికి కుక్క మారింది. పొడుగు కాళ్లు, పెద్ద పాదాలు, బుద్ధి మాత్రం దూడ బుద్ధి. నిన్నటి దాకా చెప్పిన మాట విన్నది, ఇవాళ కోడి వెనక ఉరికితే దేవుడు పిలిచినా రాదు. చెప్పులు నమిలింది, ఆరేసిన జాకెట్ నమిలింది, చాట అంచు నమిలింది. నేను నెత్తి కొట్టుకుంటే ఆయన, "దాని ఈడు గట్లున్నది చెల్లె. చెవులల్ల మందు పడ్తున్నది గని మాట పడ్తలేదు. జర ఆగు, పడ్తది," అనేవాడు.

నేను ఆగలేదు.

ఆ రోజు బీడీల కార్ఖానకు కట్టలు అప్పజెప్పే రోజు. ఆకు నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని, బిందె తీసుకుని నీళ్లకు పోయాను. వచ్చేసరికి వాకిలంతా ఆకు. తంబాకు మట్టిలో కలిసిపోయింది. చుట్టిన బీడీలను కూడా వదలలేదు. నడుమ అది నిలబడి తుమ్ముతున్నది. నేను అరవలేదు. అరిస్తే ఉరుకుతుందని తెలుసు. చీపురుకట్ట వెనక దాచుకుని, మెత్తటి గొంతుతో, బెల్లం పూసిన గొంతుతో పిలిచాను.

"తాల్ బిడ్డా. తాల్."

తోక ఊపుకుంటూ వచ్చింది. ఒళ్లంతా ఊపుకుంటూ వచ్చింది. దగ్గరికి వచ్చినాక మెడ పట్టుకుని కొట్టాను. ఎన్ని దెబ్బలో తెలియదు. మందు వేసే చెవి మీద కూడా పడ్డాయి. అలసిపోయి చెయ్యి దించితే గోడ అవతల ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వచ్చి, మట్టిలో పడిన ఆకు ఒక్కొక్కటి ఏరి, దులిపి, చాటలో పెట్టాడు. అంతా ఏరినాక ఒక్క మాట అన్నాడు.

"తాల్ అన్న మాట సచ్చిపోయింది చెల్లె. ఇగ దానికి అది పన్జెయ్యదు."

నేను నమ్మలేదు. మూడు రోజులు పిలిచాను. రొట్టె చూపించి పిలిచాను, మాంసం బొక్క చూపించి పిలిచాను. ఆ మాట వినగానే చెవులు వెనక్కి పెట్టి, కట్టెల మోపు సందులోకి పోయేది. ఆయన పిలిచినా అంతే. కొట్టింది నేను కానీ ఆయన నోట్లో మాట కూడా చచ్చింది.

ఆ మూడు రోజులూ ఆయన దాన్ని ఏమీ అనకుండా వీపు పెట్టి కూర్చున్నాడు. నాలుగో రోజు ఒక కూత పెట్టాడు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, "హో…య్" అని, చివర పైకి లేపి. తాటిచెట్టు మీదినుంచి వాళ్ల నాయిన కిందివాళ్లను పిలిచే కూత అది. నా చిన్నతనంలో పొద్దుగాల ఊరి బయట అదే వినిపించేది. ఇన్ని నెలల్లో ఆయన నోటినుంచి వచ్చిన మన దేశపు పిలుపు అదొక్కటే. కుక్క తల వంచి విన్నది. వారం రోజులకు ఆ కూతకు రావడం మొదలు పెట్టింది.

"గీ కూతకు అచ్చినప్పుడు దీని మీద చెయ్యి ఎత్తద్దు. మాటియ్యి," అన్నాడు.

చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. ఇప్పటిదాకా తప్పలేదు.

కంకులు పాలు పట్టినాయి. కోతులు దిగినాయి. మొదటి రోజు ఒక ముసలి కోతి కుక్క చెంప మీద ఒక్కటి ఇస్తే, అది అరుచుకుంటూ వచ్చి నా కుచ్చిళ్లలో దూరింది. తరువాత తరువాత నేర్చుకున్నది. మందను గట్టు దాకా తరిమేది. గట్టు దాటితే మాకు భయం, ఎందుకంటే పక్క చేను ఆసామి పందులకని కరెంటు తీగ కడతాడు, పొద్దున ఒక్కోసారి తీయడం మర్చిపోతాడు. ఒక పొద్దు కుక్క కోతుల వెనక పడి గట్టు ఎక్కింది. ఇంకో నాలుగు అంగలు వేస్తే తీగ. ఆయన కూత పెట్టాడు, ఒక్కసారే. అది గాలిలోనే ఆగినట్టు ఆగింది. వెనక్కి తిరిగింది. వచ్చి ఆయన ముందు నిలబడి రొప్పింది. ఆయన దాని చెవి వాసన చూశాడు. "మంచిగున్నది," అన్నాడు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్క పొద్దే.

ఆ వారంలోనే కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది.

నా వాకిట్లోనే వచ్చింది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఆఁ సార్. ఆఁ. అస్త సార్," అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఆయన అట్లా లేచి నిలబడేది ఎవరి గొంతుకో నాకు తెలుసు.

"ఈసారి మంచి పనట చెల్లె. గొర్లు కాదట. తోటనట."

"మొదటిసారి సుత తోటనే అన్నడు గద."

ఫోన్ అంగీ జేబులో వేసుకుని మళ్లీ గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు.

"అన్నా, నువ్వే చెప్పితివి. పిలిచి కొడితె మల్ల రాదంటివి. గా ఏజెంటు నిన్ను రెండుసార్లు పిలిచిండు, రెండుసార్లు నీ ఈపు పగిలింది. నేను చూసిన, నాకు తెల్వదనుకోకు. మూడోసారి పిలిస్తె ఎట్ల పోతవ్?"

కుక్క వచ్చి ఆయన వీపుకు నుదురు ఆనించింది.

"కుక్కకు తెలివున్నది చెల్లె," అన్నాడు. "దానికి అన్న లేడు, ఒదినె లేదు, పాస్‌పోర్టు లేదు. ఎవల అరుగు మీద పడుకున్నా ఎప్పుడు పోతవని అడుగరు. నేను రోజూ పొద్దున లేచి ఒదినె మొఖం చూస్త. ఆమె తప్పు గాదు. పొద్దంత ఇంట్ల మొగోడు కూసుంటె ఎవలైన చూస్తరు. చెయ్యేమో చెట్టు ఎక్కది. గీడ నాకున్న పని గీ కుక్క చెవి ఒక్కటే."

"ఉండు అన్నా" అని అనాలి. అనబుద్ధి అయింది. కానీ ఒంటరి ఆడది ఒంటరి మగవాణ్ని ఉండు అంటే ఊరు ఏమంటుందో తెలుసు. అప్పటికే అంటున్నారు కూడా. ఇద్దరి ఒళ్లో ఒక కుక్కపిల్ల అని పక్కింటి అక్కే అన్నది. అందుకని, "చెవి మందు మల్ల ఎప్పుడు ఎయ్యాలె?" అని అడిగాను.

"ఎనిమిది రోజులకొకసారి. మందు కంటె ముందుగాల వాసన చూడు."

పోయే రోజు మల్యాల స్టేజీ కాడికి నేనూ కుక్కా పోయాము. వాళ్ల అన్న సంచి మోసుకొచ్చి, పక్కన చాయ్ తాగుతున్నాడు. సౌదాయన కుక్కను చూడలేకపోయాడు. చూస్తే పోలేననుకున్నాడేమో, అటు తిరిగి నిలబడ్డాడు. దానికి వీపు పెట్టాడు. అయ్యో, ఆ వీపు పెట్టడం దానికి ఆయన ఏమని నేర్పాడు? అది మెల్లగా పోయింది. వెనక కాళ్ల మీద లేచి ముందు కాళ్లు ఆయన నడుము మీద వేసి, నుదురు వీపుకు ఆనించి, అట్లాగే నిలబడింది. ఆయన కదలలేదు. జగిత్యాల బస్సు వచ్చేదాకా ఆ మనిషీ ఆ కుక్కా అట్లాగే ఉన్నారు. బస్సు ఆగితే, వెనక్కి చూడకుండానే "రూహ్" అన్నాడు. ఒక్కసారే. కుక్క విన్నది. కాళ్లు దించి నా దగ్గరికి వచ్చింది. చెప్పిన మాట విన్నది అది. మంచిగా నేర్పాడు.

నెలకోసారి ఫోన్ చేసేవాడు. ఎట్లున్నవంటే, "ఉన్న" అనేవాడు. తోటనా, గొర్లా అంటే, "చెవి ఎట్లున్నది?" అనేవాడు. దాంతోనే నాకు తెలిసిపోయింది. ఒకసారి ఫోన్ దాని చెవి కాడ పెట్టమన్నాడు. పెట్టాను. కూత పెట్టాడు. అది దిగ్గున లేచి వాకిలంతా ఉరికింది. గోడ ఎక్కి చూసింది, చేను దాకా పోయి చూసి వచ్చింది. పొద్దు గూకేదాకా వెతికి, నాలుక వేలాడేసుకుని వచ్చి పడింది. ఈ మాట తరువాతి నెలలో ఆయనకు చెప్పాను.

"ఇగ పిల్వ చెల్లె," అన్నాడు. "పిలిచి లేకపోవుడు సుత కొట్టినట్టే."

మళ్లీ పిలవలేదు. దాని తరువాత రెండు ఫోన్లు వచ్చాయి. ఆ తరువాత అవీ లేవు. ఆ ఏడాది మక్కల్లో సగం కోతులే తిన్నాయి. ఒక్క కుక్క ఎన్ని దిక్కులకని ఉరుకుతుంది? మరుసటి వానకాలం నేను చేను కౌలుకు ఇచ్చేశాను. ఇప్పుడు దానికి కావలి కాసే పని కూడా లేదు.

తరువాత పెట్టె వచ్చింది. గుండె ఆగిందని పెట్టెతో వచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఉన్నదట. ఎవరైనా ఆఖరుకు గుండె ఆగే చస్తారు కదా.

నేను పోయేసరికి వాకిలి నిండా జనం. కుక్కను చూసి అందరూ దారి ఇచ్చారు. వాళ్ల వదినె కొంగు నోట్లో కుక్కుకుని, "చూడు, చూడు, నీ సౌదాయన అచ్చిండు" అని దానితో అన్నది. అందరూ చూస్తున్నారు. అది ఏడుస్తుందనుకున్నారో, పెట్టె మీద తల పెడుతుందనుకున్నారో. ఒకడు ఫోన్‌లో వీడియో పట్టుకుని నిలబడ్డాడు. కుక్క బెంచీ కిందినుంచి వాసన చూసింది. ఆ పెట్టెలో మందుల వాసన, ఇనుము వాసన. రెండుసార్లు తుమ్మింది. తల విదిలించి, జనం కాళ్ల సందులోంచి బయటికి పోయి, రోడ్డు పక్కన నీడలో పడుకున్నది.

"కుక్కకు విశ్వాసం అంటరు. గింతే," అన్నాడు వీడియో పట్టినతను.

చెక్కకు వీపు ఉంటుందా, ఆనించడానికి?

మూత తీసినప్పుడు చూశాను. ముఖమే కనిపించింది. ఆయన ముఖాన్ని అంత సేపు, అంత తిన్నగా చూసింది అదే మొదలు. వెల్లకిలా పడుకోబెట్టారు. వీపు కనపడకుండా పోయాడు.

సాయంత్రం స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాను. కుక్క ఎదురుగా పడుకుని ఎడమ చెవి గీరుకుంటున్నది. వాసన చూడకుండానే తెలుస్తున్నది, మళ్లీ పులిసింది. నాకు ఏమయిందో తెలియదు. ఇన్ని నెలలుగా అనని మాట నోటికి వచ్చింది. మెత్తగా, బెల్లం పూసినట్టు, ఆ రోజు పిలిచినట్టే పిలిచాను.

"తాల్."

అది గీరుకోవడం ఆపింది. చెవులు వెనక్కి పోయాయి. లేచి, నా చేతుల దిక్కే చూసుకుంటూ, అడుగు అడుగు వెనక్కి వేసి, కట్టెల మోపు సందులోకి పోయింది. అక్కడినుంచి రెండు కళ్లు మాత్రం కనిపించాయి.

రెండోసారి అనలేదు.

"రాకు బిడ్డా," అన్నాను. "ఎవలు ఎంత మంచిగ పిలిచినా రాకు."

మందు సీసా తీసుకుని నేనే లేచి దాని దగ్గరికి పోయాను.